గో పక్కన వెంట్ ఎట్లా వచ్చి చేరింది?

కోవూరు_టీచరమ్మ
ప్రభుత్వ బడిలో ఏడో తరగతికి ఇంగ్లీషు చెప్తాను. మొన్న క్రియల పట్టిక చెప్తుంటే ఒక పాప లేచి అడిగింది. "టీచర్, డ్రింక్ డ్రాంక్ అయితే సగం మాటన్నా మిగిలింది. గో వెంట్ అయితే ఒక్క అక్షరం కూడా కలవలేదే, గోడ్ అంటే తప్పేంది?" అని. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న చాలా న్యాయంగా అనిపించింది. స్టాఫ్ రూంలో అడిగితే "ఇంగ్లీషోళ్ళకు లెక్కాపత్రం ఉండదు, బట్టీ పట్టించండి మేడం" అన్నారు. లెక్కాపత్రం లేకుండా కోట్ల మంది ఒకే మాట ఎందుకంటారు? దీని వెనక కథేదో తెలిసినవాళ్ళు చెప్పండి. నేను బోర్డు మీద రాసి ఆ పాపకు చెప్పగలిగేటట్టు ఉండాలి.

మార్కాపురం_పలక
బట్టీయే మందు. మేమంతా అట్లానే నేర్చుకున్నాం. గో వెంట్ గాన్, కమ్ కేమ్ కమ్ అని పాట పాడించేవాళ్ళు. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మైపాడు_అల
గోడ్ అంటే ఏదో గోడ దూకినట్టుంది. వెంటే బాగుంది.

కందుకూరు_మాస్టారు
టీచరమ్మ గారూ, మీ పాప అడిగింది సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. వెంట్ అనేది గో పిల్ల కాదు, ఇంకొకరి ఇంటి నుంచి వచ్చిన దత్తత. అసలు తల్లి పేరు వెండ్. పాత ఇంగ్లీషులో వెండన్ అంటే తిప్పడం. దాని తోబుట్టువు విండన్, అంటే మెలి తిరగడం, చుట్టుకోవడం. రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకు మోసుకుపోతారే, ఆ వైండింగ్ ఈ విండన్ నుంచి వచ్చిందే. మనకు తిరుగు, తిప్పు ఉన్నట్టే వాళ్ళకు విండన్, వెండన్. తనంతట తాను తిరిగితే విండన్, ఇంకొకదాన్ని తిప్పితే వెండన్. గుర్రాన్ని అటు తిప్పాడు, తనే అటు మళ్ళాడు, అటు నడిచాడు, చివరికి అటు పోయాడు, ఇట్లా అర్థం జరుగుతూ వచ్చింది. ఊరు మీద తిరగడాన్ని ఇంగ్లీషులో వాండర్ అంటారు కదా, అది కూడా ఈ కుటుంబమే.

ఇక రూపం సంగతి. సెండ్ సెంట్, బెండ్ బెంట్, లెండ్ లెంట్, స్పెండ్ స్పెంట్. ఈ వరసలో వెండ్ పెట్టి చూడండి, వెంట్ తప్ప ఇంకేం వస్తుంది? వెంట్ లో వంకర ఏమీ లేదు, తన ఇంటి పద్ధతి ప్రకారం చక్కగా పుట్టిన మాట అది. వేరే ఇంట్లో కూర్చోబెట్టడం వల్లే మనకు వింతగా కనబడుతోంది.

పెన్నొడ్డు_పిల్లోడు
అబ్బ, సెండ్ సెంట్ వరసలో పెడితే ఎంత తేలిగ్గా ఉంది! ఇది బడిలో ఒక్కరు కూడా చెప్పలేదు మాకు.

కోవూరు_టీచరమ్మ
మాస్టారూ, దణ్ణం. మరి గో కి సొంత భూతకాలం లేదా? వెంట్ రాకముందు వాళ్ళు ఏమనేవాళ్ళు?

కందుకూరు_మాస్టారు
సొంతది కాదు గానీ ఒకటి ఉండేది. పాత ఇంగ్లీషులో ఏఒడె అనేవాళ్ళు. అది కూడా గో నుంచి పుట్టింది కాదు, వేరే ధాతువే! అంటే గో మొదటి నుంచీ భూతకాలాన్ని అప్పు తెచ్చుకుంటూనే ఉంది. ఏఒడె తర్వాత యేడె, యోడె అని మారింది. ఈ మాటల పలుకు ఊరికో తీరుగా అయిపోయి నిలకడ లేకపోయింది. ఆ పక్కనే వెంట్ గట్టిగా, స్పష్టంగా వినబడుతోంది. 14వ శతాబ్దంలో రెండూ పక్కపక్కన నడిచాయి. 15వ శతాబ్దానికి దక్షిణ ఇంగ్లండులో వెంట్ దే రాజ్యం. 16వ శతాబ్దపు కవి ఎడ్మండ్ స్పెన్సర్ యోడ్ అని వాడాడు గానీ, అప్పటికే అది పాతవాసన వేసే మాట. ఆ వాసన కోసమే వాడాడు.

మీ పాపకు ఒక మంచి కబురు చెప్పండి. ఉత్తరాన స్కాట్లండ్ వైపు ఏఒడె పోయాక వాళ్ళు వెంట్ ను తెచ్చుకోలేదు, గో కే తోక తగిలించి గేడ్ అన్నారు. మీ పాప అడిగిన గోడ్ కు అది సొంత అక్క.

కావలి_కుర్రాడు
అంటే ఆ పాప స్కాట్లండులో పుట్టి ఉంటే ఫుల్ మార్కులు.

ఒంగోలు_గిత్త
ఇంత దూరం ఎందుకు మాస్టారూ. గో అంటే మన సంస్కృతం గమ్, గచ్ఛతి. గ అక్షరం చూస్తేనే తెలుస్తోంది కదా. ఇంగ్లీషు వాళ్ళు మన దగ్గరే తీసుకున్నారు.

ఉదయగిరి_కోట
గిత్త అన్నా, ఇక్కడ నేను ఒప్పుకోను. పైకి ఒకే అక్షరం కనబడితే చుట్టరికం అయిపోదు, వరస కలవాలి. సంస్కృతంలో గ గానీ జ గానీ ఉన్న చోట ఇంగ్లీషులో క ఉంటుంది. గోవు వాళ్ళ దగ్గర కౌ. జ్ఞా అంటే తెలుసుకోవడం, వాళ్ళ నో అనే మాటకు ముందు రాసే కె అక్షరం ఒకప్పుడు పలికేవాళ్ళు, క్నో అని. జాను అంటే మోకాలు, వాళ్ళ నీ కూడా ఒకప్పుడు క్నీ. ఈ వరసలో గమ్ కు రావాల్సింది క తో మొదలయ్యే మాట. అదే కమ్! గమ్ కు బంధువు గో కాదు, కమ్.

ఇంగ్లీషులో గ ఉండాలంటే సంస్కృతంలో సాధారణంగా హ గానీ ఘ గానీ ఉండాలి. హంస, గూస్ చూడండి. 1822లో జాకబ్ గ్రిమ్ ఈ వరసలన్నీ సూత్రంగా రాశాడు. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ అన్నదమ్ముల్లో పెద్దాయన ఈయనే. ఇంకొకటి, వాళ్ళు మన దగ్గర తీసుకోలేదు, మనం వాళ్ళ దగ్గరా తీసుకోలేదు. సంస్కృతానికీ ఇంగ్లీషుకూ ఇంకా వెనక ఒకే మూలభాష ఉంది. దాయాదులు అనండి, ఒప్పుకుంటా.

ఒంగోలు_గిత్త
గమ్ అంటే పోవడం. కమ్ అంటే రావడం. ఎదురెదురు అర్థాలను చుట్టాలంటావు, ఒకే అర్థం ఉన్న గో ను కాదంటావు. ఇదేం లెక్క తమ్ముడూ?

ఉదయగిరి_కోట
ఆగమనం అంటే ఏంటన్నా? గమ్ కు ముందు ఆ చేరిస్తే రావడమే. కాలు కదపడం ఒకటే, ఎవరి వైపు నుంచి చూస్తున్నాం అనేదే తేడా.

మైపాడు_అల
మన ఇళ్ళల్లో చూడండి. బయటికి పోయేటప్పుడు "పోతున్నా" అంటే మా అమ్మమ్మ వెనక్కి పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించి "పోయొస్తా అను" అనేది. గుమ్మం దాటుతూ "వస్తానత్తా" అంటాం. పోయేవాడు వస్తా అంటాడు మన దగ్గర. గమ్, కమ్ గురించి అంత ఆశ్చర్యం ఎందుకు?

పెన్నొడ్డు_పిల్లోడు
ఇది నిజం. హైదరాబాదులో రూమ్మేట్ కు "వస్తా మరి" అని చెప్పి బయల్దేరితే "ఎక్కడికి వస్తావు, ఇక్కడే ఉన్నావుగా" అన్నాడు.

ఒంగోలు_గిత్త
ఆగమనం మాట బాగానే పట్టుకున్నావు. గోవు, కౌ కూడా సరే. కానీ గో సంగతి ఇంకా నా మనసుకు ఎక్కలేదు. ఆలోచిస్తా.

కోవూరు_టీచరమ్మ
చర్చ ఇంత బాగా సాగుతోంది కాబట్టి ఇంకో ముడి వేస్తున్నా. బి అనే క్రియ. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్. గో కన్నా ఇది ఘోరం. ఆరు మాటలు, ఆరు దిక్కులు. ఇది కూడా దత్తతేనా?

వేదాయపాళెం_వాసి
దీనికి మన దగ్గరే జవాబు ఉందమ్మా. మూడు ధాతువులు పక్కన పెట్టుకోండి: అస్, భూ, వస్. అస్మి అంటే ఉన్నాను, అదే యామ్. అస్తి అంటే ఉంది, అదే ఈజ్. భూ, భవతి నుంచి లెక్క కడితే బి, బీన్. భ్రాత బ్రదర్ అయినట్టే భ వాళ్ళ దగ్గర బ అయింది. ఇక వస్ అంటే ఒక చోట ఉండిపోవడం, కాపురం ఉండడం. వసతి గృహం అంటున్నామే, ఆ వసతి. వాజ్, వర్ అక్కడివి. ఇంగ్లీషు వాడు "ఐ వాజ్" అన్నప్పుడల్లా ఒకప్పటి అర్థంలో "వసించాను" అంటున్నాడన్నమాట. నాకైతే ఇది తెలిసిన రోజు ఒళ్ళు పులకరించింది.

కావలి_కుర్రాడు
మా బీసీ హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఐ వాజ్ అన్నమాట. వసతి గృహం కదా!

చీమకుర్తి_నల్లరాయి
ఇట్లా ఒక క్రియలోకి ఇంకో ధాతువు వచ్చి ఖాళీ పూడ్చడానికి ఇంగ్లీషులో సప్లీషన్ అంటారు. ఆ సంగతి మీద జర్మనీలో హెర్మన్ ఓస్తోఫ్ అనే పండితుడు 1899లో ప్రత్యేకంగా రాశాడు. ఫ్రెంచిలో కూడా ఇదే గొడవ. వాళ్ళకు పోతున్నాను అంటే వే, పోతాను అంటే ఇరే, పోవడం అంటే అలే. పోవడం అనే పనికే ప్రతి భాషలో ఈ అతుకులు ఎందుకు ఎక్కువో ఆలోచించాల్సిన విషయం.

వేదాయపాళెం_వాసి
సంస్కృతంలో కూడా పోవడానికే! పాణిని సూత్రం ఉంది, "ఇణో గా లుఙి". ఇణ్ ధాతువుకు, అంటే ఏతి, పోతున్నాడు అనే క్రియకు, లుఙ్ అనే భూతకాలం వచ్చినప్పుడు దాన్ని తీసేసి గా అనే ధాతువును పెట్టమన్నాడు. ఏతి, అగాత్. గో, వెంట్ లాంటి జతే. కొంచెం కిందికి వస్తే "అస్తేర్భూః" అని ఇంకో సూత్రం, కొన్ని ప్రత్యయాల ముందు అస్ బదులు భూ పెట్టమని. ఇంగ్లీషు బి లోపల జరిగిన అతుకే ఇది, పాణిని క్రీస్తుకు పూర్వమే గమనించి రాసిపెట్టాడు. ఓస్తోఫ్ గారు 1899లో రాశాడంటే సంతోషం. మనవాడు ముందే ఒక్క మాటలో ఆదేశం అన్నాడు. ఒకదాని చోటులో ఇంకొకటి.

పెన్నొడ్డు_పిల్లోడు
ఇంటర్లో మార్కులు వస్తాయని సంస్కృతం తీసుకున్నా. దృశ్ ధాతువు, పశ్యతి, ద్రక్ష్యతి అని పట్టిక ఇచ్చారు. ఎందుకు మారిందని అడిగితే "రాసుకో" అన్నారు. అక్కడా బట్టీ, ఇక్కడా బట్టీ. టీచరమ్మ గారి క్లాసులో పుట్టి ఉండాల్సింది.

మార్కాపురం_పలక
ఇన్ని పేర్లూ సూత్రాలూ ఏడో తరగతి పిల్లకు చెప్తారా? వచ్చే మార్చిలో డీఎస్సీ రాసేవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. వాళ్ళకు కావాల్సింది బిట్టు పేపర్లో గో కి రెండో రూపం ఏమిటనేది. గమ్మున నేర్చుకుంటే అయిపోయేదానికి ఇంత తవ్వకం దేనికి?

కోవూరు_టీచరమ్మ
పలక గారూ, పరీక్షలో వెంట్ అనే రాయాలి, దాంట్లో రెండో మాట లేదు. కానీ మా బడిలో పిల్లలు ఇంగ్లీషంటే భయపడేది మాటలు రాక కాదు, "ఇది నాకు ఎప్పటికీ అర్థం కాదు" అనే టెన్షన్ తో. ఆ పట్టిక చూస్తే వాళ్ళకు ప్రతి మాటా ఒక శిక్షలాగా ఉంటుంది. సెండ్ సెంట్ వరసలో వెంట్ పెట్టి చూపిస్తే ఐదు మాటలు ఒకేసారి వచ్చేస్తాయి. బట్టీ పట్టడానికి కూడా అదే సులువు.

చీమకుర్తి_నల్లరాయి
ఇంగ్లీషు సరే, మన తెలుగులో లేవా? రా, వచ్చాడు, రాలేదు. "రా" కీ "వచ్చు" కీ ఒక్క అక్షరం కలవదు. పిల్లలు ఎవరూ దాని గురించి అడగరు, పాలతో పాటు వచ్చేస్తుంది కాబట్టి. తెలుగు నేర్చుకునే ఉత్తరాది వాళ్ళు మాత్రం దీని దగ్గర తల పట్టుకుంటారు. మా క్వారీకి రాజస్థాన్ నుంచి వచ్చిన పాలిషింగ్ మేస్త్రి కొత్తలో "లారీ రాయింది సార్" అనేవాడు. గోడ్ అన్నట్టే!

తడ_దాటినవాడు
నల్లరాయి గారూ, చిన్న సవరణ. పైకి వేరుగా కనబడినా రా, వచ్చు రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి, గో వెంట్ లాంటివి కావు. నేను చెన్నైలో పని చేస్తా, తమిళం రోజూ వినాలి. వాళ్ళకు రమ్మనడానికి వా, వచ్చాడు అనడానికి వందాన్, వస్తాడు అనడానికి వరువాన్. అన్నిట్లో వ ఉంది. తెలుగులో ఏం జరిగిందంటే, వర అనే చోట అక్షరాలు జరిగి వ్రా అయింది, తర్వాత వ పోయి రా మిగిలింది. ఇది ఒక్క మాటకు జరిగింది కాదు. తమిళంలో మరం, పాత తెలుగులో మ్రాను, ఇప్పుడు మాను. వాళ్ళ ఇరండు మనకు రెండు. వాళ్ళ ఉరల్ మన రోలు. వాళ్ళ అవర్ మన వారు. మాట మొదట్లో ఉన్న అచ్చు లోపలికి జరగడం తెలుగు వైపు భాషలకు అలవాటు.

ఉదయగిరి_కోట
దీన్నంతా లెక్కగా నిరూపించిన మనిషి మన ఒంగోలులోనే పుట్టాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు, 1928. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన పరిశోధన పుస్తకంగా 1961లో వచ్చింది. ద్రావిడ భాషల గురించి ప్రపంచంలో ఎవరు రాసినా ఆయన పేరు ఎత్తకుండా ముందుకు పోలేరు. 2012లో పోయారు.

ఒంగోలు_గిత్త
అదీ మాట! ఒంగోలు అంటే గిత్తలే కాదు, ధాతువులు కూడా. ఇది తెలియని వాళ్ళు మా ఊళ్ళోనే వేలమంది ఉన్నారు. పిల్లలకు ముందు ఈ పేరు చెప్పండి టీచరమ్మా.

చీమకుర్తి_నల్లరాయి
తడ గారూ, వర సంగతి ఒప్పుకుంటున్నా. అయితే అవును, కాదు?

తడ_దాటినవాడు
అది కూడా ఒకే మూలమే. తమిళంలో ఆగుం, ఆగాదు. ఆగాదు లో ముందున్న ఆ పోతే కాదు. తెలుగులో నిజంగా గో వెంట్ తో పోల్చదగ్గ జత కావాలంటే ఉన్నాడు, లేడు. ఉండు ఒక ధాతువు, లే ఇంకో ధాతువు. తమిళ ఇల్లై లోని ఇల్ మనకు లే అయింది. "ఉండడు" అంటే రేపు ఉండడు అని అర్థం వస్తుంది గానీ ఇప్పుడు లేడు అని రాదు. ఇప్పటి లేమిని చెప్పాలంటే రెండో ధాతువును పిలవాల్సిందే.

మైపాడు_అల
మా నెల్లూరోళ్ళు "ఉండాడు" అంటాం కదా, అది?

తడ_దాటినవాడు
అది ఉండు కు నేరుగా ఆడు చేర్చిన రూపం. పుస్తకాల తెలుగులో ఉన్నాడు అయింది, మన వైపు డ అట్లాగే నిలిచింది. మన వైపు రూపం చూస్తే ధాతువు స్పష్టంగా కనబడుతుంది, సిగ్గుపడాల్సిన పని లేదు.

కందుకూరు_మాస్టారు
తెలుగు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. వెళ్ళు అనే క్రియను చూడండి. తిక్కన గారి పద్యాల్లో ఎవరైనా ఎక్కడికైనా పోతే చనియె, అరిగె, ఏగె అని ఉంటుంది. ఆ మాటలు ఇప్పుడు పద్యం చదివేటప్పుడు తప్ప నోట్లోకి రావు. వెళ్ళు అసలు అర్థం బయటికి రావడం. వెలి, వెలుపల దాని చుట్టాలు. వెళ్ళగొట్టు, వెళ్ళగక్కు అన్నప్పుడు ఆ బయటికి అనే అర్థం ఇప్పటికీ బతికే ఉంది. బయటికి రావడం కాస్తా మామూలుగా పోవడం అయింది. అక్కడ తిప్పడం పోవడం అయింది, ఇక్కడ బయటపడడం పోవడం అయింది. పోవడం అనే పనికి ప్రతి తరం కొత్త మాట వెతుక్కుంటుంది. నల్లరాయి గారు పైన అడిగిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. ఎక్కువ వాడే మాట అరిగిపోతుంది, అరిగిన చోట పక్కన ఉన్న గట్టి మాట వచ్చి కూర్చుంటుంది.

కనిగిరి_గాలి
మాస్టారూ, "ఎక్కువ వాడితే అరిగిపోతుంది" అన్నారు. నేను చదివింది దీనికి ఎదురుగా ఉంది. ఎక్కువ వాడే క్రియలే వంకరగా మిగులుతాయి, తక్కువ వాడేవి చక్కబడిపోతాయి. 2007లో నేచర్ పత్రికలో హార్వర్డ్ వాళ్ళు లెక్క కట్టారు. పాత ఇంగ్లీషు నాటి 177 అక్రమ క్రియలు తీసుకుంటే, మధ్య కాలానికి 145 మిగిలాయి, ఇప్పటికి 98. మిగతావన్నీ ఇ డి తోక తగిలించుకున్నాయి. హెల్ప్ కు ఒకప్పుడు హోల్ప్ ఉండేది, ఇప్పుడు హెల్ప్డ్. ఒక క్రియ వాడకం 100 రెట్లు తక్కువైతే అది 10 రెట్లు వేగంగా చక్కబడుతుందని తేల్చారు. బి, హావ్, డూ, గో, సే లాంటి రోజూ నోట్లో నానేవి వంకరగానే నిలిచాయి. కారణం సులువు. రోజూ వినే వెంట్ ను పిల్లలు మరిచిపోరు. ఎప్పుడో వినే మాటకు గుర్తు రాక ఇ డి తగిలిస్తారు, అదే నిలిచిపోతుంది.

కందుకూరు_మాస్టారు
మీ లెక్క సరైందే, నా మాటకు అడ్డం రాదు. రెండూ కలిపి చదవండి. ఎక్కువ వాడకం వల్ల మాట పలుకు అరుగుతుంది. ఎక్కువ వాడకం వల్లే కొత్త రూపం వంకరైనా జ్ఞాపకంలో నిలుస్తుంది. ఏఒడె పలుకు అరిగి పోయింది, వెంట్ వంకరగా నిలిచింది. రుజువు కావాలంటే వెండ్ నే చూడండి. తన వెంట్ ను గో కి ఇచ్చేశాక అది అరుదైపోయింది. ఇప్పుడు దానికి భూతకాలం వెండెడ్, మంచి పిల్లలాగా ఇ డి తగిలించుకుంది.

కనిగిరి_గాలి
వెండెడ్ ఉదాహరణ బాగుంది. నాలుగు మెతుకులు పట్టి చూడడం అయింది, అన్నం ఉడికింది, ఒప్పుకుంటున్నా.

డాలస్_కావలి
మా అక్క కొడుకు ఇక్కడే పుట్టాడు. రెండేళ్ళప్పుడు చక్కగా వెంట్ అనేవాడు. మూడున్నరకు వచ్చేసరికి "వీ గోడ్ టు పార్క్", "ఐ ఈటెడ్" మొదలుపెట్టాడు. అక్క భయపడింది, తెలుగు మాట్లాడడం వల్ల ఇంగ్లీషు పాడవుతోందని. డాక్టర్ నవ్వి, పిల్లలందరూ ఇట్లాగే అంటారు, సూత్రం పట్టుకున్నాడని సంతోషించండి అన్నారు. మొదట విన్నది విన్నట్టు అంటారు, తర్వాత ఇ డి సూత్రం కనిపెట్టి అన్నిటికీ తగిలిస్తారు, ఆ తర్వాత దేనికి తగిలించకూడదో నేర్చుకుంటారు. గోడ్ అనే పిల్లవాడు వెనకపడలేదు, ముందుకు పోయాడు.

కోవూరు_టీచరమ్మ
డాలస్ గారూ, ఈ మాట నాకు చాలా బలం ఇచ్చింది. ఎర్ర పెన్నుతో గోడ్ కొట్టేసే ముందు ఆ పిల్ల సూత్రం పట్టుకుందని గుర్తు పెట్టుకోవాలి.

డీఎస్సీ_దీక్ష
పలక గారు చెప్పినట్టు నేను డీఎస్సీకే చదువుతున్నా, అయినా ఈ చర్చ మూసెయ్యద్దు. నాకు ఎప్పుడూ తిరకాసు పెట్టేవి చెప్పండి. కట్, పుట్, హిట్, సెట్ మూడు రూపాలూ ఒకటే ఎందుకు? రీడ్ రాత మారకుండా రెడ్ ఎందుకైంది?

కందుకూరు_మాస్టారు
సెట్ తీసుకోండి. పాత ఇంగ్లీషులో సెట్టన్, భూతకాలం సెట్టె. మాట చివరే ట ఉంది, భూతకాలపు తోక కూడా ట. రెండూ కలిసిపోయాయి. చివరి ఎ కూడా రాలిపోయాక తేడా చూపడానికి ఏం మిగలలేదు. మిగతావి ఆ బాటలో నడిచాయి. చివర ట గానీ డ గానీ ఉన్న చిన్న మాటల్లోనే ఇది కనబడుతుంది, అది గుర్తు పెట్టుకుంటే సగం పట్టిక అయిపోతుంది.

రీడ్ కు వేరే కథ. తోక చేరి డ ఒత్తు పడినప్పుడు ముందున్న దీర్ఘం హ్రస్వమైంది. తర్వాత 15వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో దీర్ఘాలన్నీ పలుకు మార్చుకున్నాయి, హ్రస్వాలు చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి. అందుకే రీడ్ రెడ్, లీడ్ లెడ్, ఫీడ్ ఫెడ్, కీప్ కెప్ట్, స్లీప్ స్లెప్ట్. లీడ్ లెడ్ కు రాత కూడా మార్చారు, రీడ్ కు మార్చలేదు.

డీఎస్సీ_దీక్ష
బ్రాట్, బాట్, థాట్ లో పలకని జి హెచ్ ఎందుకు మాస్టారూ? స్పెల్లింగులో ప్రతిసారీ అక్కడే మార్కు పోతుంది.

ఉదయగిరి_కోట
అది ఒకప్పుడు పలికేవాళ్ళు, గొంతులో ఖ లాగా. బ్రోఖ్త్ అన్నట్టు. జర్మన్ వాళ్ళు ఇప్పటికీ బ్రాఖ్తె అంటారు. పలుకు పోయింది, రాత మిగిలింది. జి హెచ్ కనబడితే అక్కడ ఒక ఖ ఉండేదని అనుకోండి, మరిచిపోరు.

వాటికి ఎదురు కుడ్. అందులో ఎల్ అక్షరం ఎప్పుడూ పలకలేదు, అసలు లేనే లేదు. షుడ్, వుడ్ లో ఎల్ నిజంగా ఉండేది. వాటిని చూసి కుడ్ కు కూడా రాతలో ఎల్ పెట్టేశారు.

కావలి_కుర్రాడు
పక్కింటోళ్ళు ఏసీ పెట్టారని మనమూ పెట్టించినట్టు.

మార్కాపురం_పలక
చదువుతూ వచ్చా. సెండ్ సెంట్, కీప్ కెప్ట్, కట్ కట్ కట్, ఇట్లా గుంపులు కట్టి నేర్పడం మంచిదే, అంతవరకు ఒప్పుకుంటా. ఏఒడె, పాణిని మాత్రం పెద్దవాళ్ళు ఇక్కడ మాట్లాడుకోవడానికి. పిల్లలకు పాట కూడా ఉండాలి. పాట లేకుండా కథ ఒక్కటే చెప్తే మర్నాటికి మరిచిపోతారు. నా మాట ఇంతే.

కోవూరు_టీచరమ్మ
పాట మానను పలక గారూ, వరస మారుస్తా. ఈ రోజు క్లాసులో చెప్పాను. బోర్డు మీద సెండ్, బెండ్, లెండ్, స్పెండ్ రాసి భూతకాలాలు వాళ్ళ చేతే చెప్పించి, చివర వెండ్ అని రాశా. నేను అడగకముందే నలుగురు "వెంట్" అని అరిచారు. ప్రశ్న అడిగిన పాప మాత్రం అరవలేదు. కాసేపు చూసి, "మరి గాన్ ఎవరి పిల్ల టీచర్?" అంది.

కందుకూరు_మాస్టారు
గాన్ మాత్రం గో సొంత బిడ్డే, మొదటి నుంచీ ఇంట్లోనే ఉంది. పట్టికలో మొదటి గడి, మూడో గడి ఒకే ఇల్లు, నడుమ గడిలో ఉన్నది దత్తత. ఆ పాపకు నా ఆశీస్సులు చెప్పండి.

డీఎస్సీ_దీక్ష
డూ కి డిడ్ కూడా అడుగుతుందేమో, ముందే చెప్పి పెట్టండి మాస్టారూ.

వేదాయపాళెం_వాసి
ఇది నేను చెప్తా. డూ కు సంస్కృత బంధువు ధా. పెట్టు, ఉంచు అని అర్థం. ధ వాళ్ళ దగ్గర డ అవుతుంది. భూతకాలానికి మొదటి అక్షరాన్ని రెండుసార్లు పలకడం పాత పద్ధతి, సంస్కృతంలో ధా కు దధౌ. డిడ్ లో రెండు డ లు అట్లా వచ్చినవే. దత్తత కాదు, సొంత సంతానమే.

కోవూరు_టీచరమ్మ
రాసుకున్నా. సోమవారం డూ, డిడ్ తో మొదలుపెడతా.